చక్రము పెరిగినచో ఇరుసు లెక్క
(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఈ సభలో నన్ను మాటలాడుమని కార్యదర్శిగారు కోరినపుడు, నేను భారతమునుండియో భాగవతమునుండియో యొక ఘట్టము చెప్పుదునని పలువురు తలచియుందురు. నేను సహకార సంఘములో పద్దులు వ్రాయువాడను. బడిచదువు కొద్దిపాటిది, ఈ గ్రంథాలయపు బీరువాలలోని పుస్తకములే నాకు గురువులు. పూర్వము మహావీరాచార్యుని గణితమును తెనుగుచేసిన పావులూరి మల్లన మొదలు నేటివరకు లెక్కలు వ్రాయువారికందరకు త్రైరాశికమే తల్లివంటిది. ఆ త్రైరాశికమును నేడు మన ఊరి బండికి అన్వయించి చూపదలచితిని. ఏలయనగా వచ్చు ఆదివారము సంఘ సమావేశమున ఆ బండి టైర్లను గూర్చి తీర్మానము జరుగవలసియున్నది.

మన బండి యెట్టిదో మీరెరుగుదురు. నాలుగు చక్రములకును ఇంజను బలమందు పికప్పు అది. సంఘము దానిని పాతదిగా కొన్నది. వారమున నాలుగైదు మారులు మన కూరగాయలను హైదరాబాదు పాతబస్తీలోని మీరాలం మండీకి చేర్చును. పోను రాను 146 కిలోమీటర్లు. అందు 140 తారు రోడ్డు. తక్కిన 6 కిలోమీటర్లు మన మట్టిబాటయు వాగును. ఆ ఆరింటిలోనే మన కష్టమంతయు నున్నది. గత వర్షాకాలమున బండి రెండుమారులు వాగు గట్టు నెక్కలేక నిలిచిపోయినది. రెండవమారు అందులో ప్రసవవేదన పడుచున్న మన ఆడబిడ్డ యుండెను. ట్రాక్టరు కట్టి లాగి దాటించితిమి. తల్లియు బిడ్డయు క్షేమముగా నున్నారు. మరల అట్టి గతి పట్టరాదని మన యువకులు పెద్ద టైర్లు వేయింపవలెనని పట్టుపట్టుచున్నారు. వారి యుద్దేశము మంచిది. ఆ యుద్దేశము నెరవేరుటకు ఎంత టైరు కావలెను, దానికి ఇరుసులో ఏ మార్పు చేయవలెను, ఆ మార్పు లేకయే పని జరుగునా అనునదియే నా ప్రసంగ విషయము.

మొదట మనకు తెలిసిన ఎద్దుబండిని చూతము. మన తాతలు బండిచక్రమును ఎత్తుగా చేయించిరి. చక్రము పెద్దదైనకొలది గుంటలో తక్కువగా దిగును, రాతిని సులువుగా నెక్కును, ఎద్దుల మెడకు శ్రమ తగ్గును. ఈ యనుభవము మన రక్తములో నున్నది. అందుచేతనే మోటారుబండికిని పెద్ద చక్రము వేసినచో సుఖమని తోచును. కాని యిచట ఒక భేదము కలదు. ఎద్దు బండిని ముందుండి లాగును, ఇరుసును త్రిప్పదు. మోటారుబండిలో ఇంజను ఇరుసునే త్రిప్పును, ఇరుసు చక్రమును త్రిప్పును, చక్రము నేలను వెనుకకు నెట్టును. కావున చక్రము పెద్దదైనచో ఎద్దునకు సుఖము, ఇంజనుకు కష్టము.

దీనికి బావి దృష్టాంతము చాలును. పిడి పట్టి త్రిప్పగా త్రాడు చుట్టుకొను మొద్దు గల బావిని తలచుకొనుడు. మొద్దు సన్ననిదైనచో ఒక్కొక్క చుట్టునకు కొంచెము త్రాడే వచ్చును గాని చేయి నొవ్వదు. మొద్దు లావైనచో చుట్టునకు ఎక్కువ త్రాడు వచ్చును, చేద త్వరగా పైకి వచ్చును, కాని చేతికి బరువు హెచ్చును. మోటారుచక్రము ఆ మొద్దువంటిది. ఇంజను ఆ చేయివంటిది.

ఇక లెక్కకు వత్తము. మన బండి టైరుపై 245/70 ఆర్ 16 అని యున్నది. టైరు వెడల్పు 245 మిల్లీమీటర్లు. దాని ప్రక్క ఎత్తు ఆ వెడల్పులో నూటికి 70 వంతులు. లోపలి ఇనుప చక్రము 16 అంగుళములు. ప్రక్క ఎత్తును రెండింతలు చేసి, ఇనుప చక్రపు కొలతను కూడినచో మొత్తము ఎత్తు సుమారు 749 మిల్లీమీటర్లు వచ్చును. యువకులలో కొందరు కోరుచున్న 265/75 ఆర్ 16 టైరు ఎత్తు సుమారు 804. మరికొందరు కోరుచున్న 285/75 ఆర్ 16 టైరు ఎత్తు సుమారు 834. మొదటిది నూటికి 7 వంతులకు పైగా, రెండవది నూటికి 11 వంతులకు పైగా హెచ్చు.

ఈ హెచ్చువలన మనకు దక్కునదేమి? రాళ్ళకు తగులునది ఇరుసు నడుమనున్న గుండు. చక్రపు ఎత్తులో సగము ఇరుసునకు పైన, సగము క్రింద నుండును గదా. కావున 804 టైరు వేసినను గుండు లేచునది 27 మిల్లీమీటర్లు మాత్రమే. అనగా ఒక అంగుళమునకు రవంత ఎక్కువ. 834 టైరుతో 42 మిల్లీమీటర్లు. ఒక అంగుళము రాతిబాటలో అల్పము కాదు. కాని ఐదు టైర్ల సొమ్ము పోసి కొనుచున్నది ఆ అంగుళమే యని మనము తెలిసికొని కొనవలయును. నాలుగు చక్రములే గాక విడిచక్రమును అదే కొలతది కావలెను గనుక ఐదు టైర్లు అంటిని.

ఇప్పుడు ఖర్చు వైపు చూతము. ఇంజనునుండి వచ్చు కడ్డీ ఇరుసు గుండులోని చిన్న పళ్ళచక్రమును త్రిప్పును. దానిని పినియన్ అందురు. అది పెద్ద పళ్ళచక్రమును త్రిప్పును. దానిని క్రౌన్ అందురు. మన బండిలో క్రౌన్‌కు 41 పళ్ళు, పినియన్‌కు 10. కావున కడ్డీ 4.10 చుట్లు తిరిగిన గాని చక్రము ఒక చుట్టు తిరుగదు. ఈ అంకె పెద్దదైనకొలది బండి లాగుబలము హెచ్చును, వేగము తగ్గును. మెకానిక్కులు పెద్ద అంకెను "లో గేరు" అనియు చిన్న అంకెను "హై గేరు" అనియు అందురు. మాట క్రొత్తవారిని తికమక పెట్టును గనుక అంకెనే అడుగవలయును.

చక్రము నూటికి 7 వంతులు పెరిగినచో, ఇరుసు మారనిచో, నేలపై తోపు అంతమేరకు తగ్గును. 4.10 పళ్ళు 3.82 పళ్ళవలె పనిచేయును. తారురోడ్డుపై డ్రైవరునకు ఇది అంతగా తెలియకపోవచ్చును. వాగులోనుండి బరువుతో గట్టు నెక్కునపుడు తెలియును. అచట డ్రైవరు ఇంజను ఆగిపోకుండుటకు క్లచ్చిని సగము త్రొక్కి పట్టును; క్లచ్చి కాలును. గట్టు నెక్కుటకై వేసిన టైరే గట్టువద్ద బలమును హరించును.

పోయిన బలమును మరల తెచ్చుటకు త్రైరాశికము చెప్పునదేమనగా, 749 కి 4.10 అయినచో 804 కి 4.40 కావలెను. సరిగా 4.40 పళ్ళ జత దొరకుట అరుదు. వాడుకలోనున్న జతలలో దగ్గరివి 43కు 10 పళ్ళుగల 4.30, 41కి 9 పళ్ళుగల 4.56. మొదటిదానితో పాత బలమునకు నూటికి రెండు వంతులు తక్కువ. రెండవదానితో మూడున్నర వంతులు ఎక్కువ. నూటికి తొంబదియైదు పాళ్ళు తారుపై తిరుగు మనవంటివారికి 4.30 చాలును. ఎల్లప్పుడు కొండబాటలో బరువుతో తిరుగువారికి 4.56 మేలు. ఇక 834 టైరునకు లెక్క సరిగా 4.56 వద్దనే వచ్చును. అనగా ఆ టైరును కోరువారు ఈ జతను గూడ తప్పక కోరవలసినదే. ఏ జతయైనను మన ఇరుసు గుండుకు సరిపడునది తయారగుచున్నదా యని ముందు విచారించి, పిమ్మట టైరు సంగతి తలపెట్టవలెను.

ఇంజను తిరుగుడు లెక్కయు వినుడు. ఇంజను చుట్టు మారకుండ కడ్డీకి చేరు గేరులో గంటకు 60 కిలోమీటర్ల వేగమున నేటి మన బండి ఇంజను నిమిషమునకు సుమారు 1,740 చుట్లు తిరుగును. 804 టైరు మాత్రమే మార్చినచో 1,620. దానితో 4.30 వేసినచో 1,700. 4.56 వేసినచో 1,800. చుట్లు తగ్గినచో డీజిలు మిగులునని కొందరందురు. చదునైన బాటపై ఖాళీ బండికి అది కొంత నిజము కావచ్చును. బరువుతో ఎగువకు పోవునపుడు డ్రైవరు క్రింది గేరునకు దిగవలసియే వచ్చును, మిగులు కరగిపోవును.

ఈ సంగతి క్రొత్తది కాదు. 1941లో యుద్ధమునకై పుట్టిన విల్లీస్ జీపునకు ఇరుసు 4.88. యుద్ధము ముగిసిన పిదప 1945లో అదే సంస్థ రైతులకై సీజే-2ఏ అను జీపును చేసినపుడు టైరు కొలతను 6.00-16గానే యుంచి, ఇరుసును 5.38 చేసినది. నాగలి లాగుటకు బలము కావలసి వచ్చినపుడు వారు టైరును పెంచలేదు. ఇరుసు పళ్ళు మార్చి, పదింట ఒక వంతు తోపును సంపాదించిరి. పిమ్మట బొంబాయిలో మహీంద్రావారు జీపులు కూర్చుటకు మొదలిడిరి. అవి మన పల్లెలకును వచ్చినవి. నేడు మన తెలుగునాటనే, శ్రీసిటీలో, 2016 నుండి ఇసుజువారు పికప్పులు చేయుచున్నారు. బండ్లు మారినవి గాని టైరునకును ఇరుసునకును గల ఈ సంబంధము మారలేదు.

పాతబస్తీలోని చౌమహల్లా ప్రాసాదమును చూడబోయినవారు నిజాము ప్రభువుల 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ కారును చూచియుందురు. దాని చక్రములు ఎంత ఎత్తైనవో! ఆనాటి బాటలకు అట్టి చక్రములు కావలెను. కాని ఆ కారు ఇంజను 7 లీటర్లకు మించినది. అంతటి ఇంజను అంతటి చక్రమును త్రిప్పినది. మన బండి ఇంజను అందులో సగము కూడ లేదు.

చక్రము చూచి మురియుట సులభము. గుండులోని పళ్ళు కంటికి కనబడవు. వానిని విప్పకయే లెక్కించు ఉపాయము పాతబస్తీలో ఒక వృద్ధ మిస్త్రీ నాకు చూపినాడు. ముందు చక్రములకు రాళ్ళు అడ్డము పెట్టి, వెనుక రెండు చక్రములను గట్టి స్టాండులపై లేపి, ఇంజను ఆపి, గేరు తీసివేసి, చేతిబ్రేకు వదలవలెను. చక్రములపైనను కడ్డీపైనను సుద్దతో గుర్తు పెట్టవలెను. ఇద్దరు మనుష్యులు రెండు చక్రములను కలిపి సరిగా ఒక చుట్టు త్రిప్పగా కడ్డీ ఎన్ని చుట్లు తిరిగెనో అదియే ఇరుసు అంకె. "పంతులు సాబ్, చక్రములు పది చుట్లు త్రిప్పుడు, కడ్డీ నలుబదియొకటి తిరిగినచో మీ లెక్క పక్కా" అనినాడు. అట్లే త్రిప్పితిమి, నలుబదియొకటి వచ్చినది.

ఆ మిస్త్రీయే మరియొక గుండును విప్పి, పళ్ళకు రంగు పూసి త్రిప్పి చూపినాడు. రంగు పంటి నడుమ చెరిగినచో రెండు చక్రములు సరిగా కలిసినట్లు. అంచుననో మొదటనో చెరిగినచో పలుచని రేకులు చేర్చియో తీసియో సవరింపవలెను. ఈ సవరణ సరిగా లేనిచో క్రొత్త పళ్ళు మూలుగును, వేడెక్కును, కొలదికాలములోనే అరుగును. కావున పళ్ళ జత ధరలో బేరము చేయుదము గాని, దానిని కూర్చు చేతి పనితనములో బేరము చేయరాదు. పినియన్ పళ్ళ సంఖ్య తగ్గినకొలది ఆ చిన్నచక్రము సన్నబడునని, పెద్ద అంకెకు పోవుటలో ఈ బలహీనత కూడ నున్నదని అతడు హెచ్చరించినాడు.

ఇంకొక ముఖ్యమైన మాట. మన బండికి రెండు ఇరుసులు. వెనుకదానిలో 4.30 వేసి, ముందుదానిలో 4.10 విడిచినచో, నాలుగు చక్రములు కలిపినపుడు ముందు చక్రములొక వేగముతో, వెనుక చక్రములొక వేగముతో తిరుగజూచును. గట్టినేలపై ఆ పోరు పళ్ళపెట్టెను విరుచును. కావున మార్చినచో రెండును మార్చవలెను. జమాఖర్చులో ఇది రెండు జతల పళ్ళు, రెండింటి బేరింగులు, సీళ్ళు, నూనె, కూలి అని వ్రాసికొనవలసిన పద్దు. ఒక ఇరుసు ధర విని సభలో చేయి ఎత్తరాదు.

ఇప్పుడు నా సొంత వృత్తికి సంబంధించిన చిక్కు చెప్పెదను. పాత బండ్లలో కిలోమీటరు మీటరు కడ్డీ చుట్లను లెక్కించును. చక్రపు కొలత దానికి తెలియదు. 804 టైరు వేసి ఇరుసు మార్చనిచో, మండీకి పోయివచ్చిన 146 కిలోమీటర్లు మీటరులో 136 గానే పడును. డీజిలు మాత్రము 146కు ఖర్చగును. నెలకు ఇరువది మారులు పోయినచో 200 కిలోమీటర్లు పుస్తకములో మాయమగును. అప్పుడు సభ్యులు అడుగునదేమి? "డీజిలు ఎవరు తీసినారు?" అని. నిర్దోషియైన డ్రైవరుపై నింద పడును. శల్యుని వంటి సారథి దొరకినాడని అతనిని ఎత్తిపొడుతుము. 4.30 పళ్ళు కూడ వేసినచో ఆ తేడా సుమారు మూడు కిలోమీటర్లకు దిగును. మీటరు 60 చూపునపుడు బండి నిజముగా 64 పోవుచుండుటయు పెద్ద టైరు తెచ్చు అపాయమే. బ్రేకుల పట్టును అదే మేరకు తగ్గును గనుక, తెలియక వేగముగా పోవుచు, తక్కువ పట్టుతో ఆపజూచుట రెండువిధముల కీడు.

మీరాలం మండీ సందులను కూడ తలచుకొనుడు. చక్రమును పూర్తిగా త్రిప్పినపుడు వెడల్పు టైరు లోపలి రేకులకు రాచుకొనును. రాపిడి తప్పించుటకు త్రిప్పుటను తగ్గించినచో మలుపు పెద్దదగును. తెల్లవారుజామున తోపుడుబండ్ల నడుమ, ఒక్క బండి పట్టు సందులో, అది ఎంత చిక్కో మన డ్రైవరును అడుగుడు. చట్టము సంగతియు కలదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని మార్చుటను అడ్డగించును. రవాణా కార్యాలయమువారినీ, బీమా సంస్థవారినీ ముందుగా వ్రాతమూలముగ అడుగక ఒక్క బోల్టును విప్పరాదు. ఆపద వచ్చిననాడు బీమా చెల్లదన్నచో ఆ నష్టమును భరించునది చందాదారులే.

అయినచో వాగు నెట్లు దాటుట? భారతమున కర్ణుని రథచక్రము భూమిలో క్రుంగెను. ఆతనికి బలము తక్కువా? ధనుర్విద్య తక్కువా? నేల పట్టు నీయనిచో ఎంత బలమైనను వ్యర్థము. మన వాగు అడుగున ఇసుక, గట్టుపై నల్లరేగడి. ఇసుకలో టైరు నేలను ఎంత పొడవుగా తాకిన అంత మేలు. దానికి క్రొత్త టైరు అక్కరలేదు. టైరులో 35 పౌండ్ల గాలి యున్నచో, ఇసుకలో దిగుటకు ముందు సుమారు 20కి తగ్గించి, మెల్లగా, మలుపులు లేకుండ దాటవలెను. బరువు నిండుగా నున్నచో అంతగా తగ్గింపరాదు. తారురోడ్డు చేరినంతనే తిరిగి గాలి నింపవలెను. తగ్గిన గాలితో వేగముగా పోయిన టైరు వేడెక్కి పగులును. ఇందులకు కావలసినది గాలి కొలుచు మీటరొకటి, బ్యాటరీతో నడుచు చిన్న పంపొకటి. రేగడి సంగతి వేరు. పైపొర మెత్తన, క్రింద మొరము గనుక వెడల్పు టైరు పైననే జారును. సన్నని టైరు లోతైన గాట్లతో క్రిందికి కోసికొనిపోయి మొరమును పట్టును.

రెండవ ఉపాయము మన బండిలోనే యున్నది. "ఫోర్ లో" అను పిడిని వేసినచో ఇంజను బలము చక్రములకు చేరులోపల అనేక రెట్లు హెచ్చును. గత వర్షాకాలమున బండి నిలిచిన రెండుమార్లును ఆ పిడి వేయబడలేదని విచారింపగా తెలిసినది. డ్రైవరునకు దానిని నేర్పినవారెవ్వరు? మనమెవ్వరమును నేర్పలేదు.

ఒక హెచ్చరిక. వాగు పొంగినపుడు ఏ టైరును రక్షింపదు. గాలి నిండిన పెద్ద టైరు నీటిలో మరింత తేలును. అనంతగిరి కొండలలో పుట్టి మన వాగును కలుపుకొని పోవు ఈ మూసీయే 1908 సెప్టెంబరు 28న హైదరాబాదు నగరమును ముంచి వేలమందిని పొట్టనబెట్టుకొన్నది. నీరు మోకాలు దాటి పారుచున్నచో బండి ఈవలనే ఆగవలెను; గర్భిణులను వాన ముదరక మునుపే ఆవలి యూరిలో బంధువుల యింట నుంచవలెను.

కావున ఆదివారమునాడు నేను సభ ముందుంచు ప్రతిపాదన యిది. ఈ యేడు గాలి మీటరును, పంపును కొందము. అరిగిన టైర్ల స్థానమున అదే 245/70 కొలతలో మట్టిగాట్ల టైర్లు వేయింతము. డ్రైవరునకు "ఫోర్ లో" అభ్యాసము చేయింతము. గట్టు వాలును శ్రమదానముతో తగ్గించి రాయి పరతము. ఒక వర్షాకాలము చూతము. ప్రతి దాటుటకు తేది, బరువు, నీటి లోతు, గాలి పౌండ్లు, గుండు రాతికి తగిలెనా లేదా అనునవి ఒక పుస్తకమున వ్రాసి, ఆ పుస్తకమును ఈ గ్రంథాలయపు బల్లపై అందరు చదువుటకు ఉంచుదము. అప్పటికిని గుండు తగులుచున్నచో, అనుమతులు పొంది, 265/75 టైర్లును 4.30 పళ్ళు రెండు ఇరుసులకును ఒకే తీర్మానమున, ఒకే పద్దున వేయింతము. టైరు నేడు, పళ్ళు మరియొకనాడు అనువారికి నా సమ్మతి లేదు.

యువకులారా, మీ తొందర వెనుక తోటివారిపై దయ యున్నది. ఆ దయకు లెక్క తోడైనచో పని నిలుచును. నా లెక్కలో పొరపాటు కనబడినచో ఆదివారమునకు ముందే వచ్చి చూపుడు. సుద్దముక్కయు, కొలతటేపును కార్యదర్శిగారివద్ద ఉంచినాను.